మాఘమాసమున పల్లె యిల్లు

పుష్యము వెడలి మాఘము ప్రవేశించు దినములలో తెలంగాణపు పల్లెలయందు చలి తన తుదిబలమును చూపును. మాఘమాసములో మాకులు సైతము వణకునని పెద్దల మాట. శివరాత్రితో చలి శివశివా యని వెడలిపోవునన్నదియు వారి మాటయే. సంక్రాంతి మొదలు శివరాత్రి వరకు గల ఈ అయిదారు వారములు చలికాలపు తుదిభాగము. ఈ కాలమున పల్లె యిల్లు ఎట్లు నడచును, దానికి గల పని యేమి, భయమేమి, ఆ పని వెనుక నున్న శాస్త్రమేమి యనునది మేము ఇచట వివరింపదలచిన విషయము. పండుగలను గూర్చియు పైరులను గూర్చియు ప్రసంగములు తరచుగా వినబడుచుండును. కాని పంట చేను విడిచి యింటికి చేరిన పిదప, దానిని అమ్ముటకో తినుటకో ముందుగా ఇంటివారు పడు పాటును గూర్చి చెప్పుకొనుట తక్కువ.

మేము ఉదాహరణముగా గైకొనునది కేసముద్రము ప్రాంతము. కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, నెక్కొండ దాటిన పిదప, మహబూబాబాదునకు ముందుగా ఈ ఊరు తగులును. పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుండి మహబూబాబాదు జిల్లాలో నున్నది. ఇచటి వ్యవసాయ మార్కెట్టు చుట్టుప్రక్కల పల్లెలకును తండాలకును పంట అమ్ముకొను చోటు. వరి, మక్కజొన్న, పసుపు, మిరప, ప్రత్తి, కంది ఈ ప్రాంతమున పండును. ఒకే కుటుంబము చెరువు క్రింద కొంత, చెలకలో కొంత సాగుచేయుట వాడుక కావున, ఒకే వాకిటికి మూడు నాలుగు విధములైన పంటలు చేరుట కలదు. వరియు మక్కయు ముందే ఇల్లు చేరును. ప్రత్తి చివరి ఏరుడు, కంది, పసుపు, మిరప మాత్రము చలి తుదిభాగముననే వచ్చును.

ఈ కాలమున ఇంటికి గల పని యంతయు ఒక్క మాటలో చెప్పవలెనన్నచో, పంటలోని తడిని వెడలగొట్టుట, వెడలిన తడిని మరల రానీయకుండుట. వినుటకిది స్వల్పమైన పని. చేయుటకు మాత్రము కాదు. మాఘములో పగటి యెండ 30 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పోవును; రాత్రి 15 డిగ్రీల ప్రాంతమునకు, ఒక్కొక్కనాడు అంతకును దిగువకు దిగును. వెచ్చని గాలి నీటియావిరిని ఎక్కువగా పట్టియుంచగలదు. చల్లని గాలి పట్టియుంచలేదు. పగలు కంటికి కనబడక గాలిలో నున్న ఆవిరి, రాత్రి గాలి చల్లబడగానే మంచుబిందువులై గడ్డిమీదను, ఇంటి పెంకులమీదను, వాకిట నారవేసిన పంటమీదను వ్రాలును. ఎండిన గింజకు తడిని పీల్చుకొను స్వభావము కలదు. పగలంతయు ఎండలో విడిచిన తడిని అది రాత్రి కొంత తిరిగి తీసికొనును. అందుచే పగటి యెండ యెంత ముఖ్యమో, రాత్రి కప్పు అంత ముఖ్యము.

ఇదే ఫిబ్రవరిలో ఫ్రాన్సు దేశపు పల్లె యింటిని తలచుకొన్నచో భేదము స్పష్టపడును. అచట గోధుమ కోత జులై, ఆగస్టు నెలలలో ముగియును. చలి తుదికి వచ్చునప్పటికి ఆ ధాన్యము కొట్టు చేరి ఆరు నెలలగును. పాత రాతి యిండ్లలో దానిని నివాసపు గదులపై నుండు అటుకమీద నిలువచేయుట వాడుకగా నుండెడిది. గ్రెనియే యను ఫ్రెంచి మాటకు ధాన్యపు కొట్టు అనియు, ఇంటి అటుక అనియు రెండర్థములు. ఫిబ్రవరి 2న వచ్చు షాందలర్ పండుగనాడు గోధుమపిండితో పలుచని అట్లు పోసికొందురు. ఒక చేత నాణెము పట్టుకొని, పెనముమీది అట్టును ఎగురవేసి తిరుగవేసినచో ఆ సంవత్సరము ఇంట ధనమునకు లోటుండదని అచటి నమ్మకము. వెలుపల ద్రాక్షతోటలలో కొమ్మలు కత్తిరించుట ఆ కాలపు పని. ఆ యింటికి చలియే శత్రువు. అది తలుపులు మూసికొని పొయ్యి చుట్టు చేరును. మన యింటికి శత్రువు చలి కాదు, చలి వెంట వచ్చు తడి. అందుచే మన యిల్లు తలుపులు తెరచి, తన సొత్తునంతయు వాకిట పరచుకొని కూర్చుండును.

ఇంక ఒక దినము ఎట్లు గడచునో చూతము. తెల్లవారకముందే ఇల్లాలు లేచి మొదట చూచునది వాకిటి పరదా పట్టాలను. వానిపై రాత్రి మంచు నీరై నిలిచియుండును. ఆ నీటిని అంచులకు జారవిడిచి తుడువవలెనే గాని, పట్టాను వెంటనే ఎత్తరాదు. అలుకు చల్లుటయు ముగ్గు వేయుటయు గడప ముందరి చోటికే పరిమితము. పంట ఉన్న వైపు నీటిచుక్క పడనీయరు. పెరటిలో నీళ్ళ పొయ్యి రాజుకొనును. కంది కట్టె, ప్రత్తి కట్టె, గింజ ఒలిచిన మక్క బెండ్లు ఈ కాలపు వంటచెఱకు. ముసలివారు ఆ మంట యొద్దనే కంబళి కప్పుకొని కూర్చుందురు. ఉదయపు తిండి జొన్నరొట్టెయో, మక్క గట్కయో, రాత్రి మిగిలిన అన్నమో. చిక్కుడుకాయ, వంకాయ, అనపకాయ ఈ దినములలో సమృద్ధిగా దొరకును. పొద్దు బారెడెక్కి, గడ్డిమీది మంచు ఆరిన పిదపనే పట్టాలు తీయుదురు. అటుపిమ్మట గంట గంటకు ఎవరో ఒకరు పంటలోనికి దిగి, అడుగుది పైకి, పైది అడుగునకు వచ్చునట్లు చేతులతోను కాళ్ళతోను కలియబెట్టవలెను.

మధ్యాహ్నము కోళ్ళను, మేకలను, దూడలను అదలించుట పిల్లల పని, పెద్దల పని. సాయంకాలము పొద్దు వాలకముందే, అనగా పంటలో ఎండవేడి ఇంకను నిలిచియుండగనే, దానిని కుప్పచేసి కప్పవలెను. చల్లబడిన పిదప కప్పినచో అప్పటికే చేరిన తడి పట్టా క్రింద చిక్కుకొనును. వెచ్చగా నున్నప్పుడు కప్పినచో ఆ వెచ్చదనమే రాత్రి కొంతసేపు కాపాడును. ఈ సంగతి ఏ పుస్తకమునను చదువని ఇల్లాండ్రకు బాగుగా తెలియును. రాత్రి భోజనములైన పిదప, పడుకొనబోవు అత్త కోడలి నడుగు మాట ఈ ప్రాంతమున ఇంటింటను ఒకటే: “పట్టా కప్పినవా బిడ్డా?” మగవారిలో ఒకరు పంట ప్రక్కనే మంచము వేసికొని పడుకొందురు. అది దొంగల భయముచేత మాత్రమే కాదు. అర్ధరాత్రి గాలి మారిన, చినుకు పడిన, మొదట తెలియువాడు ఆతడే.

పసుపు పని అన్నిటికంటె బరువైనది. జూను నెలలో నాటిన పసుపు, ఏడు మొదలు తొమ్మిది నెలలకు ఆకు ఎండి నేలవ్రాలినప్పుడు త్రవ్వుటకు వచ్చును. త్రవ్విన దుంపలకు మన్ను దులిపి, తల్లి దుంపయైన గోళను, దాని ప్రక్కల పెరిగిన కొమ్ములను వేరుచేయుదురు. పిదప రెండు మూడు దినములలోపల వానిని ఉడికింపవలెను. వెడల్పైన ఇనుప కడాయిలలో నీరు పోసి, పైన ఆకు కప్పి, సుమారు ముప్పావు గంట మొదలు గంట వరకు ఉడికించుట పాత పద్ధతి. నురుగు పొంగి, తెల్లని ఆవిరి లేచి, పసుపువాసన గుప్పున కొట్టినప్పుడు ఉడుకు సరిపోయినట్లు. పుల్ల గ్రుచ్చిన మెత్తగా దిగవలెను. ఉడికించుటవలన దుంపలోని పిండిపదార్థము మెత్తబడి జిగురుగా మారును, రంగు దుంపయంతట సమముగా వ్యాపించును, పచ్చివాసన పోవును, ఎండుటకు పట్టు కాలము తగ్గును. తక్కువ ఉడికిన కొమ్ము ఎండిన పిదప పెళుసుగా నుండును. ఎక్కువ ఉడికిన దాని రంగు చెడును. ఇప్పుడు అనేక గ్రామములలో ఆవిరి బాయిలర్లు వచ్చి ఈ శ్రమ కొంత తగ్గినది.

ఉడికిన పసుపును రెండు మూడంగుళముల మందమున పరచి, పది పదునైదు దినములు ఎండబెట్టుదురు. మరీ పలుచగా పరచినచో పైరంగు వెలవెలబోవును. తడి నూటికి పది పాళ్ళకు దిగిన కొమ్మును విరిచినచో లోహపు మ్రోతవంటి మ్రోతతో విరుగును. అప్పుడు దానిని పీపాలవంటి యంత్రములలో త్రిప్పి, పై పొట్టు రాల్చి మెరుగుపెట్టుదురు. అయిదు బస్తాల పచ్చి పసుపు ఎండి ఇంచుమించు ఒక బస్తాయగును. మిగిలిన నాలుగు బస్తాల బరువు నీరే. అనగా ఈ పక్షము దినములలో ఆ యిల్లు చేయునది, అయిదింట నాలుగు పాళ్ళ నీటిని గాలిలోనికి పంపుట. నడుమ ఒక్క వాన కురిసినచో ఉడికిన దుంప బూజుపట్టి నల్లబడును. తొమ్మిది నెలల పైరు విలువ రెండు వారముల యెండపై ఆధారపడియున్నదన్న మాట.

మిరప సంగతి మరియొక విధము. చెట్టుపై పండిన కాయలో నూటికి అరువదియైదు మొదలు ఎనుబది పాళ్ళ వరకు నీరుండును. దానిని పది పదునొకండు పాళ్ళకు దింపవలెను. కోసిన కాయను ఒకటి రెండు దినములు నీడను కుప్పపోసినచో అరపండు కాయలకును ఎరుపు సమముగా వచ్చును. పిదప కల్లములో పరచుదురు. మంచు తగిలిన కాయ తెల్లమచ్చలు పడి తాలుగా మారును. తాలు కాయకు మార్కెట్టులో ధర చాల తక్కువ. ఇంటిలోని ఆడవారు కుప్ప చుట్టు కూర్చుండి తాలును ఏరుట ఈ కాలపు పల్లెలలో నిత్యము కనబడు పని. ముక్కునకు, నోటికి కొంగు కట్టుకొన్నను ఘాటు ఆగదు. ఉమ్మడి వరంగల్లు జిల్లాలోని చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు మునుపు, 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు మిరప చేలను పాడుచేయగా మహబూబాబాదు ప్రాంతమునను అనేక కుటుంబములు అప్పుల పాలైనవి. చేనిలో అట్టి పురుగును తప్పించుకొని వచ్చిన కాయను, వాకిటి మంచు పాడుచేయుట ఆ యింటివారికి ఎంత బాధయో ఊహింపవచ్చును.

ప్రత్తికి వాకిలి చాలదు. అది గదిలోనికే వచ్చును. మంచు ఆరకముందే ఏరిన ప్రత్తి తడిగా నుండును. భారత ప్రత్తి సంస్థ కొనుగోలు చేయునప్పుడు తడి నూటికి ఎనిమిది పాళ్ళున్న పూర్తి ధర. అటు మీద పండ్రెండు వరకు తడి కొలది ధర తగ్గును. పండ్రెండు దాటిన తిరస్కరింతురు. ధర పెరుగునను ఆశతో ప్రత్తిని పడకగదిలో పైకప్పు తాకునట్లు నిలువచేసికొని, మిగిలిన మూలలో పిల్లలతో పండుకొను కుటుంబములు కలవు. దాని నుసి వలన దగ్గు, దురద కలుగును. ఒక్క నిప్పురవ్వ పడినను ఇల్లు దక్కదు. కావున ప్రత్తి యున్న యింట చలిమంట వాకిలి దాటి దూరముగనే వేయవలెను. దీపమును, చుట్టను ఆ గది దరి చేరనీయరాదు.

కంది మాత్రము అమ్మకమునకే గాక ఇంటి కూటికిని ఆధారము. కొట్టి తూర్పారబట్టిన కందులను బాగుగా ఎండబెట్టి, తినుటకు కావలసినవానిని పప్పుగా మార్చుట ఈ నెల పని. కందులను నానబెట్టి, ఎఱ్ఱమట్టి నీటిలో కలిపి పట్టించి, మరల ఎండబెట్టి, మట్టిని జల్లించి, ఇసుర్రాయిలో వేసి విసరుదురు. నానుటచేత ఉబ్బిన బద్ద ఎండినప్పుడు ముడుచుకొనును, పొట్టు వదులగును, మట్టి ఆ తడిని లాగుకొనును. అందుచే పొట్టు సులభముగా ఊడి, బద్ద విరుగకుండ వచ్చును. దీనిలో మరియొక లాభము కలదు. పప్పుధాన్యములను తొలుచు పుచ్చుపురుగు తన గ్రుడ్లను చేనిలోనే కాయలపై పెట్టి, గింజతోపాటు ఇల్లు చేరును. అది నిండుగింజలను కోరును. పొట్టు తీసిన బద్దలపై అంతగా వృద్ధి పొందదు. విత్తనమునకై నిండుగా నుంచవలసిన కందులలో బూడిద కలుపుట ఇల్లాండ్ర పద్ధతి. బూడిద గింజల సందులను నింపి పురుగు కదలికను అడ్డగించును. దాని ఒంటిమీది మైనపు పొరను గీచివేయగా, పురుగు తన లోని తడి కోల్పోయి చచ్చును. తడిని వెడలగొట్టు పని ఇచట పురుగుమీదను సాగుచున్నది.

ఎండిన ధాన్యమునకు ఇల్లు కావలెను. వెదురుతోనో సన్నని కొమ్మలతోనో అల్లి, లోపలను వెలుపలను పేడమట్టి మెత్తిన గుమ్మి ఒకప్పుడు ఇంటింటను ఉండెడిది. గరిసెలు పెద్ద రైతులవి. జొన్నలను నేలలో త్రవ్విన పాతరలో పోసి, గడ్డి పరచి, మన్ను కప్పెడివారు. పాతరలో గింజయు, అందలి పురుగును శ్వాసించి ప్రాణవాయువును ఖర్చుచేయును. గాలి తగ్గిన పిదప పురుగు బ్రతుకదు. ఆ కారణము చేతనే పాతర తెరచిన వెంటనే మనిషి దిగరాదు. గాలి ఆడనిచ్చి, దీపము దింపి, అది ఆరకున్న పిదపనే దిగెడివారు. నేడు గుమ్మి స్థానమును ప్లాస్టిక్కు సంచులు ఆక్రమించినవి. గాలి చొరని మూడు పొరల సంచులు కొన్ని వచ్చినవి. అవి పాతర సూత్రముననే పనిచేయును. ఏ సంచియైనను నేలమీద నుంచరాదు, గోడకు ఆనించరాదు. 2024 సెప్టెంబరు 1న కురిసిన భారీ వర్షమునకు కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. రైలుకట్టయే నిలువని వానకు నేలమీది బస్తా నిలుచునా? మాఘములో దిమ్మె వేసి ఎత్తున పెట్టిన గింజయే శ్రావణ భాద్రపదములలో తినుటకు మిగులును.

తడి మిగిలిన గింజకు వచ్చు నష్టము ధర తగ్గుట ఒక్కటే కాదు. అన్నిటికంటె గట్టిగా చెప్పవలసిన విషయమిది. తడి మక్కలలో, వేరుసెనగలలో, మిరపకాయలలో ఒక జాతి బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ వేరుసెనగలోని ఈ విషమును గూర్చి చిరకాలముగా పరిశోధనలు చేయుచున్నది. ఇది కాలేయమును చెరచును. దీర్ఘకాలము లోపలికి పోయినచో కాలేయమున పుండుకుఱుపునకు, అనగా క్యాన్సరునకు, కారణమగును. కడిగినను, వండినను ఇది పూర్తిగా పోదు. మన యిండ్లలో బూజుపట్టిన మక్కలను మనుష్యులు తినరు. పారవేయుటకు మనసొప్పక బఱ్ఱెకు పెట్టుదురు. ఆ విషము బఱ్ఱె కడుపులో కొంత మార్పు చెంది పాలలోనికి వచ్చును. ఆ పాలను పిల్లలు త్రాగుదురు. వాకిట ఒక రాత్రి కప్పని పట్టా, కొన్ని నెలల పిదప పిల్లవాని పాలగ్లాసులో లెక్క తేల్చుకొనును. కావున బూజుపట్టిన గింజను పశువుకు సైతము పెట్టరాదు, కోళ్ళకును వేయరాదు. దానిని కాల్చివేయుటయో, లోతుగా పూడ్చుటయో మేలు.

గింజ ఎండినదో లేదో తెలిసికొనుట ఎట్లు? కొనుగోలు కేంద్రములలో తేమ కొలుచు యంత్రము లుండును. వడ్లకు నూటికి పదునేడు పాళ్ళ వరకు, మక్కలకు పదునాలుగు వరకు తేమ అనుమతింతురు. ఇంట ఆ యంత్రముండదు. ముసలమ్మ గింజను పంటికింద పెట్టి కొరుకును. పటుక్కున విరిగిన ఎండినట్లు, మెత్తగా నలిగిన ఇంకను ఎండవలసినట్లు. మరియొక సులభమైన పరీక్ష కలదు. పొడిగా నున్న గాజుసీసాలో మూడవ వంతు గింజలు, కొంత ఎండిన ఉప్పు వేసి, మూత బిగించి కొన్ని నిమిషములు కుదిపి, కాసేపు నిలుపవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొన్నచో గింజలో తేమ నూటికి పదునైదు పాళ్ళకు మించియున్నట్లు. ఉప్పు అంటక జారిపోయినచో నిలువచేయవచ్చును. దీనికి కానీ ఖర్చు లేదు.

ఇంత జాగ్రత్తపడినను ఆకాశము ఇంటివారి చేతిలోనిది కాదు. పడమటి నుండి వచ్చు చల్లని గాలులు, తూర్పు సముద్రము నుండి వచ్చు తేమగాలులు ఈ కాలమున ఒకచోట కలిసికొన్నప్పుడు అకాల వర్షములు, వడగండ్లు పడును. 2022 జనవరిలో ఉమ్మడి వరంగల్లు జిల్లాయందు నర్సంపేట, పరకాల ప్రాంతముల మిరప చేలు వడగండ్లకు నేలపాలైనవి. 2023 మార్చిలో మరల వడగండ్లు పడి మహబూబాబాదు జిల్లాలోను పైరులు నాశనమైనవి. ఆనాడు రాష్ట్ర ప్రభుత్వము ఎకరమునకు పదివేల రూపాయల సహాయము ప్రకటించినది. చేనిలో నున్న పైరు నష్టమునకు లెక్క కట్టువారు కలరు. కోసి తెచ్చి వాకిట ఆరవేసిన పంట తడిసినచో దాని లెక్క తేలుట కష్టము. అందుచే ఈ అయిదారు వారములు వాతావరణ సూచనలను వినుట ఇంటి పనులలో నొకటి కావలెను. ఆకాశవాణి వాతావరణ సమాచారమును సాయంకాలము విని, వాన సూచన యున్నచో ఆ రాత్రి పంటను కుప్పచేయక లోపలికి చేర్చుట మంచిది.

పండుగలును ఈ పనికి లోబడియే జరుగును. సంక్రాంతికి చేయు సకినాలను చూడుడు. నానిన బియ్యమును పిండిచేసి, నువ్వులు, వాము కలిపి, బట్టపై చేతితో చుట్లుగా చుట్టి, కొంత ఆరనిచ్చి, నూనెలో కాల్చుదురు. తడి పోయినది కావుననే అవి వారములకొలది నిలువయుండును. రథసప్తమినాడు పిడకలపై పాలు పొంగించి, చిక్కుడాకులలో ప్రసాదము పెట్టుట ఈ కాలపు ఆచారము. రెండేండ్ల కొకసారి మాఘశుద్ధ పౌర్ణమికి మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. 1996లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించిరి. 2024లో ఇది ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరిగినది. జనులు బంగారమని పిలుచు బెల్లమును తమ ఎత్తు తూచి తల్లులకు సమర్పింతురు. శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతర. కాని వాకిట పసుపు ఉన్న యిల్లు మొత్తము తాళము వేసికొని జాతరకు పోలేదు. ఒకరు నిలువవలెను. ఆ నిలుచువారు తరచుగా ఇంటిలోని పెద్దదియో, కొత్త కోడలో. పోయినవారు తెచ్చిన ప్రసాదమే వారి జాతర.

దీని వెనుక నున్న శ్రమను ఎవరును లెక్క వ్రాయరు. దున్నినదానికి కూలి యున్నది, కోసినదానికి కూలి యున్నది, మోసినదానికి కూలి యున్నది. గంట గంటకు కలియబెట్టినదానికి, సాయంకాలము కప్పినదానికి, తాలు ఏరినదానికి, ఇంటిమనిషియైనచో కూలి లేదు. పొగయు ఆమె పాలిటిదే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపము పథకము వచ్చి వంటగ్యాసు పల్లెలకు చేరినది. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినది. వంట కొంత గ్యాసుమీదికి మారినను, చలికాలపు నీళ్ళ పొయ్యి నేటికిని కట్టెలమీదనే కాగుచున్నది. ఆ పొయ్యిని గాలివాలు చూచి ఆరుబయట పెట్టుకొనుట, తడి కట్టె వాడకుండుట, తాలు ఏరునప్పుడు ముక్కునకు రెండు మడతల బట్ట కట్టుకొనుట స్వల్ప విషయములు కావు. ఇంటిలోని మగవారు కప్పు పనిలోను, కలుపు పనిలోను వంతు తీసికొన్నచో ఇంటికి జరుగు మేలు మరింత పెద్దది.

తుదకు విత్తనము మాట. ఎండిన పంటలో మొదటి వాటా అమ్మకమునకు కాదు, తిండికిని కాదు, విత్తునకు. నిండైన కొమ్ము, పుచ్చు లేని కంది, బలమైన కంకి ఏరి వేరుగా నుంచుట ఈ కాలముననే జరుగును. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీకి చెందిన మహిళలు, అనేకులు దళిత స్త్రీలు, పాత పంటల విత్తనములను తమ యిండ్లలో కాపాడుచు వచ్చినారు. సంక్రాంతినాడు ఎడ్లబండ్లపై ఆ విత్తనములను అలంకరించి ఊరూర త్రిప్పు పాత పంటల జాతరను వారు నెలకొల్పిరి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమానము లభించినది. రేడియో శ్రోతలకు మరియొక విశేషము. మాచునూరులో 2008 అక్టోబరు 15న ప్రారంభమైన సంగం రేడియోను నడపినదియు ఈ మహిళలే. బూడిద కలిపి కుండలో దాచిన గింజను గూర్చి, దానిని దాచిన చేతులు గల వారే మాటలాడిన రేడియో అది.

శివరాత్రి జాగరణ ముగియునప్పటికి మంచు తగ్గును, మోదుగ పూయును, ఎండ ముదురును. పరదా పట్టాలు మడతపెట్టి అటుక చేరును. వాకిలి మరల వాకిలియగును. అప్పటికి అమ్మవలసినది మార్కెట్టునకు పోయియుండును. ఉండవలసినది బస్తాలలో నుండును. ఆ యిల్లు రాబోవు తొమ్మిది నెలలు ఏమి తినునో, ఏమి విత్తునో, పిల్లలకు ఏ పాలు పట్టునో అప్పటికే చాలవరకు నిర్ణయమైపోయినది. అది నిర్ణయమైనది చేనిలో కొంత, ఈ వాకిటి రాత్రులలో కొంత. మాఘమాసమున మీ యింట పంట ఆరుచున్నచో, ఈ సాయంకాలము పొద్దు వాలకముందే ఒకసారి పట్టా అంచులు చూచికొనుడు.